వెనక పక్క

రేగులగూడెం చర్చి కొలతలు తీసుకరమ్మని
డయాసిస్ ఆఫీసు నన్ను పంపింది.
పరకాల దాటినంక పత్తి చేన్ల నడుమ ఒక్కటే శిఖరం,
దాని మీద శిలువ కంటే ముందు కొంగ కనపడ్డది.

చెప్పులు గడప బయట విడిచిన.
ఎవరూ చెప్పలే. అక్కడ అప్పటికే ఆరు జతలున్నయి.

పొడుగు డెబ్బయి రెండు అడుగులు.
వెడల్పు ముప్పయి నాలుగు,
బలిపీఠం కాడికి పోయేసరికి ముప్పయి మూడున్నర.
గోడ మందం చూద్దామని టేపు కంటే ముందు చెయ్యి ఆనిచ్చిన,
చల్లగున్నది, కుండ లోపలి వైపు లెక్క.

కరువు ఏడు కట్టిండ్రట. కూలి, పూటకు సోలెడు జొన్నలు.
సున్నం గానుగ తిప్పే ఎద్దు మేత లేక కూలబడితే
కాడి కింద మనుషులే దూరిండ్రు.
సున్నంల కరక్కాయ నీళ్లు, బెల్లం.
పిల్లలు బెల్లం నాకకుండ కావలి పెట్టిన మనిషే
రాత్రిపూట గడ్డ పగలగొట్టి పంచిపెట్టిండు.
అందుకే ఉత్తరం గోడకు తీపి తక్కువ,
పెచ్చులు ముందు అక్కడ్నే ఊడినయి.

నక్ష సీమ నుంచి వచ్చింది. కప్పు నిటారు వాలు.
ఎందుకయ్యా ఇంత వాలని మేస్త్రి పోగుల ఎలీశా అడిగితే
మంచు జారిపోవాలె అన్నడట పాదిరి.
ఎలీశాకు తెలిసిన మంచు మార్గశిరం పొద్దుటిది.
అది జారదు దొరా, లేచిపోతది, అన్నడట.
అయినా వాలు ఉంచిండు.
ముసురు పట్టిన ఆదివారం పెంకుల మీద వాన ఉరుకుతుంటే
కింద ప్రసంగం ఒక్క ముక్క వినపడదు.
"ఆ వారం జనం ఎక్కువొస్తరు" అన్నది ఊడ్చే మార్తమ్మ.

రంగుటద్దాలు ఓడల వస్తున్నయని చెప్పిండ్రట.
ఇంకా రాలే. కిటికీలకు ములుగు టేకు రెక్కలే.

ఇగ స్తంభాలు.
ఎనిమిది. నల్లరాయి.
కింద చదరం, నడుమ గుండ్రం, పైన ఎనిమిది మూలలు,
గుండ్రం చుట్టూ హంసల బారు, గంటల గొలుసు.
గుళ్లు కట్టిన చెయ్యి ఇక్కడికెట్ల వచ్చిందనుకుంట
చుట్టు తిరిగితే
వెనక పక్క బోడి రాయి.
హంస మెడ కాడ ఆగిపోయింది.
ఎనిమిదింటికీ అంతే.

రిజిస్టర్ల వంకర చేతిరాత: నిధుల కొరత.
నేనూ అదే ఎక్కిచ్చుకున్న.

మార్తమ్మ చీపురు గోడకు ఆనిచ్చింది.
ఎలీశా ఆమె తాతకు తండ్రి.
"పైసలు కాదు బిడ్డా.
ఆయన ఆ గుడి స్తంభాలను పొలం గట్టు మీంచి చూసిండు.
అంతకంటే దగ్గరికి రానియ్యలే.
అటు పక్క ఏమున్నదో ఆయనకెట్ల తెలుస్తది?
తెల్వనిది చెక్కుతడా?"

స్తంభం మొదట్ల కూలబడి టేపు చుట్టుకుంట ఉండిపోయిన.
ఇది ఆయన లేపిన లోపల. ఇక్కడ ఆయన్ను ఆపేటోడు లేడు.
అయినా ఉలి పట్టినప్పుడల్లా
గట్టు మీదనే నిలబడ్డడా?
లేక చూసొచ్చినోడు ఎవడన్నా చెక్కుతడులే అని
జాగ విడిచిండా?

"నా మనుమడు బెనోని బడి పిల్లలతోని పోయి
నాలుగు దిక్కులా ఫోన్ల ఫోటోలు తీసుకొచ్చిండు" అన్నది.
"ఏమున్నది అవ్వా అటు పక్క?"
"హంసలే. గివే హంసలు.
గింతేనా, అనిపించింది."
నవ్వింది. ఆ నవ్వు వాలు కప్పుల చాలాసేపు తిరిగింది.

లేవబోతుంటే తెలిసింది,
నేను ఆనుకున్నది ఆ బోడి పక్కకే.
నున్నగున్నది, నడుము ఎత్తు వరకు మెరుస్తున్నది.
చాపల మీద కూసున్న ముసలోళ్లు, బాలింతలు,
నిద్ర ఆగని పిల్లలు,
ఎన్ని వీపులు రాసుకున్నయో.
ఇటు దిక్కు హంసలుంటే ముక్కులు గుచ్చుకునేవి.

ఎస్టిమేటుల రాసిన:
ఉత్తరం గోడ, గచ్చు కొత్తది, బెల్లం తగ్గకుండ.
పెంకులు, మూడు వందల నలభై.
స్తంభాలు ఎనిమిది, ముట్టవద్దు.

ఆ ఆఖరి మాట దిక్కు చూసి
కొట్టేసిన.
ఉన్నయి ఉన్నట్టు, అని రాసిన.